ఒక పాఠం చేర్చడమా, కోర్సునే మళ్లీ అల్లడమా?

కెనడాలో సత్య, సయోధ్య కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో మొదటిదే పిల్లల సంక్షేమం గురించి. అందులో ఒక భాగం, రెసిడెన్షియల్ స్కూళ్ల (ఆదివాసీ పిల్లలను ఇళ్లనుంచి విడదీసి ఉంచిన బడుల) చరిత్ర సోషల్ వర్కర్లకు నేర్పాలని. సోషల్ వర్కర్లకు నడిపే ఆన్‌లైన్ కోర్సులో అందుకు ఒక పాఠం జతచేస్తే పని త్వరగా అయిపోతుంది. కానీ కుటుంబమంటే తల్లిదండ్రులూ పిల్లలే అన్న లెక్క మిగతా వారాల్లో అలాగే ఉండిపోతుంది. అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డను ‘నిర్లక్ష్యం’ కింద రాసేది అక్కడే.

ఆదివాసీ పెద్దలతో కూర్చుని కోర్సును మొదటినుంచీ అల్లితే ఆలస్యమవుతుంది. వాళ్ల పారితోషికం బడ్జెట్‌లో ముందే పెట్టాలి. అయినా మా ఓటు దీనికే. అందరూ వలయంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతినే చూడండి: మాట్లాడే వంతు ఎవరిదో చూపే ఈక వీడియోలో చేతులు మారదు కాబట్టి పేర్ల వరస తెరమీద ఉంచాలి, రికార్డింగ్ ఆపాలి, నెట్ అందనివాళ్లు ఫోన్‌లో చేరగలగాలి. వరస లేకపోతే పెద్ద గొంతు ఉన్నవాళ్లదే రాజ్యం. వలయంలో ఒకరు చెప్పిన కథను తర్వాతి బ్యాచ్‌కి వాడాలంటే వాళ్లను మళ్లీ అనుమతి అడగాల్సిందే.