స్టైరీన్ పూసల సైజుకు పీవీఏ మేలా, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ మేలా?

స్టైరీన్‌ను, దాని గొలుసులను ముడివేసే డీవీబీ (డైవినైల్ బెంజీన్)తో కలిపి, నీళ్లలో చుక్కలుగా కలియబెట్టి గట్టిపరిస్తే వచ్చే స్టైరీన్-డీవీబీ పూసలు అనుకున్న సైజులో రాకపోతే చెయ్యి ముందు స్టిరర్ నాబ్ మీదికే పోతుంది. స్పీడు లెక్క నిజమే. చుక్క వ్యాసం ఆర్‌పీఎం మైనస్ 1.2 ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి 300ని 360 చేస్తే సైజు దాదాపు 20 శాతం తగ్గాలి. అయితే ఈ సూత్రం చుక్క విరగడం గురించే చెబుతుంది. విరిగినవి మళ్లీ అతుక్కోకుండా చూసేది స్టెబిలైజర్, అంటే ఇక్కడ పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) లేదా ట్రైకాల్షియం ఫాస్ఫేట్. ముందు తేల్చుకోవాల్సింది దాని సంగతి.

పోల్చడానికి ఒకే బ్యాచ్ తీసుకుందాం: లీటరు ఫ్లాస్క్, నీళ్లు 600 మి.లీ., స్టైరీన్ 171 గ్రా., 55 శాతం డీవీబీ 29 గ్రా. (అసలు డీవీబీ 8 శాతం), చర్యను మొదలుపెట్టే 75 శాతం తడి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.7 గ్రా. నైట్రోజన్ కింద 80 డిగ్రీల దగ్గర 6–8 గంటలు, ఆపైన 90 దగ్గర 2 గంటలు. పెరాక్సైడ్‌ను ఎండబెట్టకండి, ఇనుప గరిటె తగలనివ్వకండి.

పీవీఏ అయితే 88 శాతం హైడ్రోలైజ్ అయిన గ్రేడ్ 3 గ్రా. చాలు, అంటే నీటిలో 0.5 శాతం. 98–99 శాతం గ్రేడ్ చవగ్గా దొరికిందని తెచ్చుకోవద్దు, అది మోనోమర్ (స్టైరీన్, డీవీబీ)-నీటి సరిహద్దుకు అంతగా చేరదు. పొడిని చల్లటి నీళ్లలో చల్లుతూ కలిపి, తర్వాత 85–90 డిగ్రీలకు తీసుకెళ్లాలి. మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోస్తే ఉప్మా రవ్వలా ఉండకడుతుంది. పీవీఏ తలతన్యతను బాగా తగ్గిస్తుంది కాబట్టి చిన్న పూసలు తేలిగ్గా వస్తాయి, బ్యాచ్ కూడా చిన్న తప్పులను క్షమిస్తుంది. దోషమూ అక్కడే ఉంది: కొంత పీవీఏ పూస ఉపరితలానికి రసాయనికంగా అంటుకుపోతుంది, వేడినీళ్లతో ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. పైగా నురగ.

ట్రైకాల్షియం ఫాస్ఫేట్ (టీసీపీ) కరగదు. సన్నటి ఘన రేణువులు చుక్క చుట్టూ పెంకులా పేరుకుని అడ్డుగోడ కడతాయి. 5 గ్రా. వేయండి. ఒక్క టీసీపీతో మాత్రం పని జరగదు. నీళ్లంటే ఇష్టపడే ఆ రేణువును చుక్క వైపు తిప్పడానికి సోడియం డోడెసైల్ బెంజీన్ సల్ఫోనేట్ (సబ్బులాంటి పదార్థం) కొద్దిగా కావాలి: 30 పీపీఎం, అంటే 18 మి.గ్రా., 1 శాతం ద్రావణంలో 1.8 మి.లీ. ఎక్కువ బ్యాచ్‌లు చెడేది ఇక్కడే. తక్కువైతే రేణువులు నీటిలోనే తిరుగుతాయి, చుక్కలు కలిసిపోతాయి. ఎక్కువైతే సబ్బు టీసీపీని ఉపరితలం నుంచి ఊడదీస్తుంది, నీళ్లు పాలలా మారతాయి, అడుగున ముద్ద మిగులుతుంది. పీహెచ్ 7 కంటే దిగనివ్వకండి, ఆమ్లంలో టీసీపీ కరిగిపోతుంది. ఆ బలహీనతే చివరికి వరం: పని అయ్యాక 10 మి.లీ. గాఢ హెచ్‌సీఎల్‌ను నీటిలో పలచన చేసి పోసి అరగంట కలిపితే 5 గ్రాములూ కరిగి పూస శుభ్రంగా మిగులుతుంది.

ఏది వాడినా సైజు సరిచేసుకునే గడువు మొదటి అరగంట, మహా అయితే గంట. వెడల్పు మూతి పిపెట్‌తో కొద్దిగా తీసి పీవీఏ నీళ్లలో వేసి మైక్రోస్కోపు కింద చూడండి, స్పీడు అప్పుడే మార్చండి. తర్వాత జిగట దశ వస్తుంది. డీవీబీ ఉంటే అది తొందరగా మొదలై తొందరగా ముగుస్తుంది. అందులో స్టిరర్ ఆగితే ఫ్లాస్క్‌లో ఒకే గడ్డ మిగులుతుంది, స్పీడు పెంచితే తోకల పూసలు వస్తాయి. ఇక నీళ్లలో తెల్లటి పిండి కనిపిస్తే తప్పు స్టిరర్‌ది కాకపోవచ్చు. నీటిలో కరిగిన మోనోమర్ అక్కడే సన్నటి రేణువులుగా గట్టిపడి ఎమల్షన్‌గా మారి ఉంటుంది. 0.12 గ్రా. సోడియం నైట్రైట్ దాన్ని అణిచేస్తుంది.

పెద్ద రియాక్టర్‌కు వెళ్తే స్టిరర్ రెక్క కొస వేగాన్ని సమానంగా ఉంచడం పొరపాటు. స్టిరర్ వ్యాసం పదింతలైతే పూస సుమారు 2.5 రెట్లు పెరుగుతుంది. లీటరుకు పడే శక్తిని సమానంగా ఉంచితే సైజు నిలుస్తుంది. ఫార్మా యూనిట్లలో కనిపించే గ్లాస్-లైన్డ్ రియాక్టర్‌లో వెనక్కి వంగిన రెక్కలు, తరచూ ఒక్క బాఫిల్ (సుడిని ఆపే అడ్డుపలక) మాత్రమే ఉంటాయి. దానిలో పైన మోనోమర్ పొర నిలవకుండా ఉందో లేదో ముందు చూడాలి.

0.3 మి.మీ. లోపు పూసలకు, మొదటిసారి చేసేవారికి పీవీఏ. 0.5–1.5 మి.మీ. పూసలు, తర్వాత సల్ఫోనేషన్ (సల్ఫోనిక్ ఆమ్ల గుంపులు తగిలించడం) చేయడానికి శుభ్రమైన ఉపరితలం కావాలంటే టీసీపీ, సల్ఫోనేట్ ద్రావణాన్ని పిపెట్‌తో కొలిచే ఓపిక ఉంటేనే. జల్లెడ ఎలాగూ తప్పదు. కంపించే నాజిల్‌తో చుక్కలు ఒకే సైజులో వదిలితేనే యూనిఫార్మిటీ కోయెఫిషియెంట్ (పూసల సైజులు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే నిష్పత్తి, 1 అయితే అన్నీ ఒకే సైజు) 1.1కి చేరుతుంది, స్టిరర్‌తో 1.6 దరిదాపుల్లోనే ఉంటారు.