టైరులో గాలి: పొద్దున్నా, మధ్యాహ్నమా?

మే నెలలో అమలాపురం నుంచి రావులపాలెం వైపు కారు తీసేవాళ్లకు నా ఓటు పొద్దున్నకే. 25 డిగ్రీల దగ్గర, చల్లటి టైరులో మీటరు 32 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) చూపిందనుకోండి. అదే టైరు ఎండకు, రోడ్డుకు 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 35 చూపుతుంది. కొత్త గాలేమీ చేరలేదు. టైరు పెద్దగా సాగదు కాబట్టి వేడి పెరిగితే పీడనం పెరగాల్సిందే. లెక్క కెల్విన్‌లోనే, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి వెయ్యాలి: 298 నుంచి 318. ముందు మీటరు అంకెకు బయటి వాతావరణ పీడనం 14.7 కలపాలి, చివర్లో తీసెయ్యాలి; చాలామంది మరిచేది ఇదే.

మధ్యాహ్నం బంకులో వేడి టైరును 32 దగ్గర ఆపిస్తే, చల్లబడ్డాక 29కి దిగుతుంది. కంపెనీ చెప్పే అంకె చల్లటి టైరుకే. వేడి టైరులో ఎక్కువుందని గాలి తీయించకండి! తప్పక మధ్యాహ్నమే కొట్టిస్తే, మర్నాడు బండి కదలకముందే మళ్లీ చూసుకోండి.