ఈఏడీ కార్డు చూసి వెనక్కి పంపారా? ఆ భయంలో కన్సల్టెన్సీకి డబ్బు కట్టకండి

అమెరికాలో చదువయ్యాక విద్యార్థులకిచ్చే పని అనుమతి (ఓపీటీ) మీద ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, ఆ అనుమతిని చూపే ఈఏడీ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేను 1,800 డాలర్లు పోగొట్టుకున్నాను. అప్పటి రేటులో లక్షన్నర రూపాయలు. ఖమ్మంలో మా నాన్న చేబదులు తెచ్చి పంపిన డబ్బు అది. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, అది కూడా చెప్తాను.

2024 మేలో డాలస్ దగ్గర నా ఎంఎస్ పూర్తయింది. జులై 15న ఓపీటీ మొదలైంది. ఆ రోజు నుంచి ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు. గోడ మీద క్యాలెండర్‌లో రోజుకో గీత కొట్టేదాన్ని. 42 గీతలు పడ్డాక డేటా అనలిస్టుగా ఆఫర్ వచ్చింది. ఆగస్టు 26, సోమవారం, జాయినింగ్.

ఆ ఉదయం హెచ్ఆర్ ఆవిడ, చేరేవాళ్లకి పని అనుమతి ఉందో లేదో చూసే ఐ-9 ఫారం ఇచ్చింది. నా భాగం నింపి, సంతకం పెట్టి, ఈఏడీ కార్డు చేతికిచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గడువు తేదీ మీద బొటనవేలు ఆపి, “ఇది వచ్చే జులైకి అయిపోతుంది కదా, గ్రీన్ కార్డు ఏమైనా ఉందా?” అంది. లేదన్నాను. లోపలికి వెళ్లి పావుగంట తర్వాత వచ్చి, ఇలాంటి కార్డుతో తీసుకోలేమని చెప్పేసింది. తప్పు నాదే అన్నట్టు థాంక్యూ చెప్పి లేచి వచ్చేశాను. పార్కింగ్‌లో గంటసేపు ఏడుస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే ఒక సీనియర్, ఉద్యోగాలు ఇప్పించే ఒక కన్సల్టెన్సీ నంబర్ ఇచ్చాడు. ఆఫీసు ఇర్వింగ్‌లో, అక్కడ ఉన్నవాళ్లంతా మనవాళ్లే. టీ ఇచ్చి కూర్చోబెడితే జరిగిందంతా చెప్పేశాను. ఆ కన్సల్టెన్సీ ఆయన అందుకున్నాడు: “చూశావా చెల్లెమ్మా, ఈఏడీ చూస్తే ఎవడూ తీసుకోడు. నీకే తెలిసొచ్చింది కదా. ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడితేనే కాల్స్ వస్తాయి. మేం చూసుకుంటాం.” నా కథ నేనే చెప్పాను, దాన్నే ఆయన నాకు అమ్మాడు.

ట్రైనింగ్‌కీ మార్కెటింగ్‌కీ కలిపి 1,800 డాలర్లు. ఫోన్‌లోంచి నేరుగా డబ్బు పంపే జెల్‌లో పంపమన్నాడు, రసీదు లేదు. ఏడాదిన్నరలోపు వదిలి వెళ్తే 10,000 డాలర్లు కట్టాలని ఒక అగ్రిమెంట్ మీద సంతకం. ఆ రోజే ఒక ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి, “ప్రభుత్వ ఓపీటీ పోర్టల్‌లో మా కంపెనీ పేరు ఎక్కించు, నీ 90 రోజుల లెక్క ఆగిపోతుంది” అన్నాడు. పని లేదు, జీతం లేదు, ఉత్త కాగితం. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు.

మూడో వారంలో కంపెనీలకి మనుషుల్ని పంపే ఒక వెండర్ ఫోన్ చేసి, బ్యాంకు ప్రాజెక్టు గురించి చెప్పమన్నాడు. ఏ బ్యాంకు? అప్పుడు అడిగి తెప్పించుకుంటే నా రెజ్యూమె చూడగలిగాను. 2017 నుంచి హైదరాబాద్‌లో జావా డెవలపర్‌నట. 2018 మార్చిలో నేను ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాస్తున్నాను. ఇంటర్వ్యూలో నా బదులు మాట్లాడడానికి వేరే మనిషిని కూడా పెడతామన్నారు. నా వల్ల కాదన్నాను. డబ్బు తిరిగి ఇవ్వలేదు. పైగా అగ్రిమెంట్ చూపించి బెదిరించారు.

పోర్టల్‌లో ఆ పేరు ఎక్కించకపోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. ఎక్కించి ఉంటే అబద్ధం నా రికార్డులో నా పేరు మీదే ఉండేది. సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకి ఓపీటీని పెంచే స్టెమ్ పొడిగింపుకి ఐ-983 అనే శిక్షణ ఫారంలో జీతం, పని నేర్పే మనిషి వివరాలు అన్నీ రాయాలి, ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ ఉండాలి. ఉత్తుత్తి కంపెనీ అక్కడైనా దొరికిపోతుంది. 2019 జనవరిలో, అమెరికా అధికారులు వలగా పెట్టిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో ఏజెంట్లతో పాటు మన పిల్లలు ఎంతమంది అరెస్టయ్యారో మనందరికీ గుర్తుంది.

ఇంకా ఆరు రోజులు మిగిలి ఉండగా, అక్టోబర్ 7న, నా అసలు రెజ్యూమెతోనే వేరే కంపెనీలో చేరాను. అక్కడి హెచ్ఆర్ అదే కార్డు చూసి, “ఇది లిస్ట్ ఎ, ఇదొక్కటే చాలు” అని రెండు నిమిషాల్లో పని ముగించాడు. ఆ రాత్రి ఐ-9 ఫారం తీసి మొదటి పేజీ చదివాను. ఏ డాక్యుమెంట్ చూపించాలో ఉద్యోగి ఇష్టమనీ, ఫలానాదే తెమ్మని కంపెనీ అడగకూడదనీ పైనే రాసి ఉంది. ఆగస్టులో చదవకుండానే దాని కింద సంతకం పెట్టాను.

అయినా భయపడి ఊరుకున్నాను. మార్చిలో ఉచిత న్యాయ సలహా ఇచ్చే ఒక లాయర్‌ని కలిస్తే అప్పుడు తెలిసింది. గడువు తేదీ ఉందని చెల్లే కార్డుని కాదనడం, గ్రీన్ కార్డే కావాలనడం వివక్ష కిందికి రావచ్చు. అమెరికా న్యాయశాఖలో ఇమిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ సెక్షన్ (ఐఈఆర్) ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటుంది. కానీ జరిగిన 180 రోజుల్లోపే ఇవ్వాలి. నా గడువు ఫిబ్రవరి 22తో అయిపోయింది. నేను ముందు చెప్పిన పెద్ద నష్టం ఇదే.

ఒక విషయం మాత్రం పొరపాటు పడకండి. “ఇప్పుడు గానీ ముందుముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?” అని అడగడం, కావాలంటే తీసుకోకపోవడం మామూలుగా చట్టవిరుద్ధం కాదు. పౌరసత్వ హోదా మీద వివక్ష నుంచి రక్షణ పౌరులకీ, శరణార్థుల వంటి కొన్ని వర్గాలకే ఉంది, ఓపీటీ, హెచ్-1బీ వాళ్లకి లేదు. కానీ ఐ-9 దగ్గర కాగితాల పేరుతో వేధించకూడదన్న నియమం పని అనుమతి ఉన్న అందరికీ వర్తిస్తుంది. ఇంకోటి, “ఓపీటీ వాళ్లు మాత్రమే” అని ప్రకటన వేసే కన్సల్టెన్సీల జోలికి పోకండి. పౌరుల్ని పక్కన పెట్టే ఆ ప్రకటనే చట్టవిరుద్ధం.

ఐఈఆర్ ఉద్యోగుల హాట్‌లైన్ 1-800-255-7688. పేరు చెప్పకుండా అడగొచ్చు. ఐ-9 దగ్గర ఆపితే ఆ మాట మెయిల్‌లో రాసివ్వమని అడగండి. ఎవరన్నారు, ఏ తేదీన అన్నారు రాసిపెట్టుకోండి. ఏ కన్సల్టెన్సీకైనా డబ్బు కట్టే ముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి.