టెంటు వేసుకోవడానికి కళింగపట్నం ఎలా ఉంటుంది?

విశాఖ నుంచి పూరీ వైపు కారులో వెళ్లేవాళ్లలో చాలామంది చీకటి పడేసరికి శ్రీకాకుళంలో లాడ్జి వెతుక్కుంటారు. టెంటు ఉంటే ఆ అవసరం లేదు. టౌన్లోంచి సీఎస్పీ రోడ్డు పట్టుకుంటే గంటలోపే కళింగపట్నం సముద్ర తీరం వచ్చేస్తుంది. డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఒక రాత్రికి ఇంతకంటే మంచి మజిలీ జిల్లాలో మరొకటి చెప్పలేం. మార్చి దాటితే ఉక్కకి టెంటులో నిద్ర పట్టదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అసలే వద్దు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది ఈ ఊరికి కొద్దిగా ఉత్తరానే. వార్తల్లో కళింగపట్నం రేవుకి ఒకటో నంబరు హెచ్చరిక అని చెప్పినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోండి.

టెంటు ఎక్కడ వేస్తారన్నదే ఇక్కడ అసలు సంగతి. నీళ్ల దగ్గర, బోర్లు కొట్టిన పడవల పక్కన వేయకూడదు. తెల్లవారకముందే వేటకి వెళ్లేవాళ్లు పడవలు లాగేది, వలలు మోసేది అటే. నాచు, పుల్లలు కొట్టుకొచ్చి ఆగిన గీత ఉంటుంది చూడండి, పోటు అక్కడి దాకా వచ్చిందని గుర్తు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది కూడా దాటుతుంది. ఇంకో కారణం తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. తెల్లటి టార్చి పడితే బెదిరి వెనక్కి పోతాయి. కాబట్టి ఖాళీ ఇసుక వదిలేసి సరుగుడు తోపు వెనక్కి రండి. తోపు ఎవరిదో కనుక్కుని అడిగి వేసుకోవాలి. మెరైన్ పోలీస్ స్టేషన్లో కారు నంబరు చెప్పి వస్తే రాత్రి గస్తీవాళ్లు లేపి అడిగే పని ఉండదు.

టెంటుతో వచ్చే మేకులు ఇక్కడ పనికిరావు. పొడి ఇసుకకి పట్టుండదు, గుడ్డ నాలుగుసార్లు కొట్టుకుంటే జారి బయటికొస్తాయి. పాతిక కిలోల ఖాళీ బియ్యం సంచులు ఆరు తెచ్చుకోండి. ఒక్కోదాన్ని సగం దాకా ఇసుకతో నింపి, మూతి బిగించి, తాడు మెడకి కట్టి, అడుగున్నర లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చాలి. పైన ఒక చెంబు నీళ్లు పోసి కాలితో తొక్కితే ఇక కదలదు. తాడు నేలకి వాలుగా పోవాలి, నిటారుగా ఉంటే గాలి సంచిని పైకి లాగేస్తుంది. సముద్రం వైపు మాత్రమే బిగించి ఊరుకోవద్దు. సాయంత్రం గాలి సముద్రం మీంచి కొడితే, అర్ధరాత్రి దాటాక నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. నాలుగు పక్కలా బిగింపు ఉండాల్సిందే. సన్న సరుగుడు మొక్కలకి తాడు కట్టకండి. చెట్టు ఊగినప్పుడల్లా కుట్టు దగ్గర గుడ్డ చినుగుతుంది. చలికాలం మంచుకి లోపలి గోడలు తడుస్తాయి కాబట్టి పైనున్న గాలి కిటికీలు మూయొద్దు.

పొయ్యి దగ్గర ఇంకా జాగ్రత్త. ఎండిన సరుగుడు పుల్లాకు ఒక్క రవ్వకే అంటుకుంటుంది. ఆరడుగుల మేర ఆకంతా ఊడ్చి, చెక్క మీద గ్యాస్ పొయ్యి పెట్టండి. చెక్క లేకపోతే బర్నర్లోకి ఇసుక పోతుంది. గాలికి అడ్డు మూడు వైపులే కట్టాలి. చుట్టూ మూసేస్తే గ్యాస్ డబ్బా వేడెక్కుతుంది, ప్రమాదం. నలుగురికి ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఒకటి, వంటకీ కడుక్కోవడానికీ ఇంకొకటి శ్రీకాకుళంలోనే నింపుకోండి. కూరకి బెంగ లేదు. పొద్దున్నే పడవలొచ్చేచోట నిలబడితే కానాగంత చేపలు బుట్టలోంచే బేరమాడి కొనుక్కోవచ్చు.

కారు తారు రోడ్డు దిగకూడదు. దిగి కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కొద్దు, చక్రం ఇంకా లోపలికి పోతుంది. నాలుగు టైర్లలోనూ గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, ముందు ఇసుక తవ్వి, రెండో గేరులో నెమ్మదిగా రావాలి. గాలి కొట్టే చిన్న పంపు కారులో ఉండాలి, ఆ గాలితో హైవే ఎక్కకూడదు.

స్నానానికి ఉత్తరం వైపు వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఇసుక మేట రోజుకో చోటికి మారుతుంది, ఆటు వేళ ఏరు మనిషిని లోపలికి లాగేస్తుంది. పిల్లలుంటే మరీ.

పొద్దున్న శాలిహుండం చూసి వెళ్లడం బాగుంటుంది. వంశధార ఒడ్డు కొండ మీది ఈ బౌద్ధ స్తూపాలను 1919లో గిడుగు వెంకట రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. ఎండెక్కకముందే మెట్లెక్కితే మేలు.

ఇంటికెళ్లాక టెంటుని మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయాలి. కడ్డీల అతుకుల్లో ఇసుక ఉంటే తుడిచాకే మడవండి, లేకపోతే ఫైబర్ చీలుతుంది. జిప్పుల మీది ఉప్పు పాత బ్రష్షుతో రుద్దేసి, ఆరాక కొవ్వొత్తి ఒకసారి రాస్తే మళ్లీ ఏడాది దాకా పట్టేయదు.