ఫర్నేస్‌కి నాలుగంగుళాల ఫిల్టర్ డబ్బా, వెడల్పు చేయించిన రిటర్న్ డక్ట్: కొన్ని చలికాలాలు వాడాక

మాది షికాగో పక్కన నేపర్‌విల్. 1990ల్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు, బేస్‌మెంట్‌లో ఇల్లంతా వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్. ఒక అంగుళం మందం ఫిల్టర్ దూర్చే సందు తప్ప మరో ఏర్పాటు లేదు. 2022లో ఫర్నేస్ మార్చినప్పుడు పనిలో పనిగా నాలుగంగుళాల ఫిల్టర్ పట్టే రేకు డబ్బా పెట్టించి, ఇంట్లోని గాలి వెనక్కి వచ్చే రిటర్న్ డక్ట్‌ని కూడా వెడల్పు చేయించాం. ఈ సమీక్ష ఆ రెండింటి గురించే. ఫర్నేస్ సంగతంటారా, వెలుగుతోంది, ఆరుతోంది, చెప్పుకోడానికేం లేదు.

ముందే చెప్పేస్తాను: డక్ట్ ముట్టుకోకుండా ఖరీదైన ఫిల్టర్ ఒక్కటే కొంటే డబ్బు దండగ.

ఇక్కడ ఫిల్టర్లకు మెర్వ్ అని ఒక రేటింగ్ ఉంటుంది. మెర్వ్ 8 దుమ్ము, పుప్పొడి లాంటి పెద్ద రేణువుల్ని ఆపుతుంది. మెర్వ్ 13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మధ్య ఉండే సన్న రేణువుల్లో కనీసం సగాన్ని పట్టాలి. పొగలో ఎక్కువగా ఉండేవి అవే. ఇది విన్నాక ఎవరికైనా పదమూడే కొనాలనిపిస్తుంది. కానీ అంత దట్టమైన ఫిల్టర్‌ని ఒక్క అంగుళం మందంలో పెడితే ఫర్నేస్‌లో గాలిని లాగి నెట్టే ఫ్యాన్‌కి, అంటే బ్లోవర్‌కి, గాలి అందదు. గాలి తగ్గితే లోపలి వేడి బయటికి పోదు, వేడి మితిమీరకుండా కాపాడే లిమిట్ స్విచ్ మంటని ఆపేస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వెంట్లోంచి చల్లగాలి వస్తుంది, మనం థర్మోస్టాట్ పాడైందనుకుంటాం. మామూలు ఇంటి ఫర్నేసులు చాలావరకు 0.5 అంగుళాల స్టాటిక్ ప్రెషర్‌కి (గాలిని నెట్టడంలో బ్లోవర్‌కి ఎదురయ్యే ఒత్తిడి, నీటిమట్టం అంగుళాల్లో కొలుస్తారు) తయారైనవి. మా పాత ఏర్పాటుకి టెక్నీషియన్ మీటర్ పెడితే 0.8 దాటింది. నాలుగంగుళాల ఫిల్టర్‌లో మడతలు లోతుగా ఉంటాయి కాబట్టి గాలి దూరే చోటు చాలా ఎక్కువ. డక్ట్ కూడా పెద్దదయ్యాక అదే మీటర్ 0.55 దగ్గర నిలబడింది. బ్లోవర్ చప్పుడు తగ్గిందని మా ఆవిడ మొదటి రోజే కనిపెట్టింది.

అయితే ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చినది డబ్బా కాదు, రిటర్న్ సందులు మూయడం. ఈ ప్రాంతపు పాత ఇళ్లలో రిటర్న్ అంతా రేకు గొట్టం కాదు. పై అంతస్తు నేలని మోసే రెండు చెక్క దూలాల మధ్య ఖాళీకి కింద ఒక రేకు కొట్టేసి, దాన్నే డక్ట్ అనిపిస్తారు. మా బేస్‌మెంట్‌లో ఆ రేకు అంచు దగ్గర టిష్యూ పేపర్ పట్టుకుంటే చటుక్కున అతుక్కుపోయింది. అంటే అక్కడి దుమ్ము, బట్టలుతికే సబ్బు వాసన అన్నీ అట్నుంచే ఇంట్లోకి వస్తున్నాయన్నమాట. సగటు ఇంట్లో డక్టుల్లో నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం ఇలాంటి సందుల్లో పోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ వాళ్ల లెక్క. పెద్ద అతుకులు కాంట్రాక్టర్ చూసుకున్నాడు, మిగిలినవి నేనే మాస్టిక్ పూసి మూశాను. అది దోసెల పిండి కన్నా చిక్కగా ఉండే బూడిదరంగు ముద్ద. చవక బ్రష్షు, గ్లవుజులు ఉంటే చాలు, అంటితే మాత్రం చొక్కా వదులుకోవాల్సిందే. పెద్ద సందులకి ముందు అల్యూమినియం టేపు వేయాలి. డక్ట్ టేప్ అని అమ్మే గుడ్డ టేపు మాత్రం డక్టులకి పనికిరాదు. 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధన ల్యాబ్ వాళ్లు పరీక్షించి చూస్తే వేడికి అది విఫలమైంది.

ఇంకో సంగతి. రిటర్న్‌లో సందులున్న చోటే పొగగొట్టంతో నడిచే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, బయటికి పోవాల్సిన పొగని బ్లోవర్ వెనక్కి లాగే ప్రమాదం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. గ్యాస్ పైపు, పొగగొట్టం జోలికి మాత్రం మనం వెళ్లకూడదు.

ఫిల్టర్‌కి అసలు పరీక్ష 2023 జూన్‌లో వచ్చింది. కెనడా అడవుల మంటల పొగ ఇక్కడిదాకా వచ్చి, జూన్ 27న ప్రపంచంలోని పెద్ద నగరాల్లో షికాగో గాలే అధ్వాన్నం అన్నారు. కిటికీలన్నీ వేసి, ఫ్యాన్‌ని ఆటో నుంచి ఆన్‌కి మార్చాం. సాయంత్రానికి ఇంట్లో రేణువుల మీటర్ బయటి అంకెలో ఐదో వంతుకి దిగింది. ఫ్యాన్ తిరగకపోతే ఎంత మంచి ఫిల్టరైనా ఉట్టి అట్టముక్కే. హీటూ ఏసీ అక్కర్లేని ఏప్రిల్, అక్టోబర్‌లలో ఫ్యాన్‌ని అప్పుడప్పుడూ తిప్పే సర్క్యులేట్ మోడ్‌లో పెట్టుకోవాలి.

దీని వల్ల కానివీ ఉన్నాయి. కింద వంటింట్లో ఎండుమిర్చి తాళింపు వేస్తే పై గదిలో దగ్గు ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ ఫిల్టర్ వాసనని, ఘాటుని ఆపదు, దానికి బయటికి గొట్టం ఉన్న చిమ్నీ కావాలి. పైగా నూనె ఆవిరికి మా ఫిల్టర్ పసుపుపచ్చగా జిడ్డు పడుతోంది. కంపెనీ ఏడాది దాకా ఆగొచ్చంటుంది కానీ మన వంటలకి ఆరు నెలలే ఎక్కువ. చలికాలం వచ్చి ఉన్న మా అమ్మ, "ఇంత ఖర్చు పెట్టావు, ముక్కు మాత్రం ఎండిపోతూనే ఉందిరా" అంది. గాలికి తేమ కావాలంటే హ్యుమిడిఫయర్ విడిగా పెట్టించుకోవాలి.

ఇక నా ఫిర్యాదు. కాంట్రాక్టర్ డబ్బా తలుపుని వాటర్ హీటర్ పైపు వైపుకి బిగించి వెళ్లాడు. ఫిల్టర్ పొడవు ఇరవై ఐదు అంగుళాలు, పైపుకీ తలుపుకీ మధ్య అంత జాగా లేదు. ప్రతిసారీ దాన్ని విల్లులా వంచి లాగాలి, పట్టుకున్న దుమ్ములో కొంత మళ్లీ నేలమీద పడుతుంది. పెట్టించుకునేవాళ్లు ఫిల్టర్ చేతికిచ్చి "తీసి చూపించండి" అని అడగండి, ఆ తర్వాతే చెక్కు ఇవ్వండి. తలుపు అంచు ఈల వేసేది, ఫోమ్ పట్టీ అతికిస్తే ఆగింది. ఫిల్టర్ ఒకటి యాభై డాలర్ల పైనే. పెట్టె మీద 20x25x4 అని రాసినా అసలు కొలత కంపెనీని బట్టి కాస్త మారుతుంది, కాబట్టి డబ్బా ఏ కంపెనీదో ఆ నంబర్ చూసే కొనాలి. బాణం గుర్తు ఎప్పుడూ ఫర్నేస్ వైపుకే ఉండాలి.

గ్యారేజ్ మీది గది మాత్రం 2024 జనవరి చలిలో కూడా ఎప్పటిలాగే వణికించింది. దానికి కారణం ఫిల్టర్ కాదు, అంత దూరం ఒక్క సన్న గొట్టం వెళ్లడం. పెద్దది వేయాలంటే సీలింగ్ తెరవాలన్నారు. ఆ పని పెట్టుకోలేదు, ఆ గదిలో చిన్న కరెంటు హీటరే నడుపుతున్నాం.