హెచ్చరిక: బిల్లు మీద ఆఫీస్ 2021, ఫైల్ లోపల మాత్రం 14. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేవారు దయచేసి చదవండి

నల్లగొండలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొని, దానితోపాటు డబ్బులిచ్చి "ఒరిజినల్ ఆఫీస్" వేయించుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. రూపాయల్లో చూస్తే నాకు పోయింది 3,500 మాత్రమే. అయితే నన్ను నమ్మి పని అప్పగించిన ఒక విద్యార్థిని నా కారణంగా తన గైడ్ ముందు మాట పడవలసి వచ్చింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నేను క్లాక్‌టవర్‌కు దగ్గరలో పన్నెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. అద్దె ఒప్పందాలు, అఫిడవిట్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల వారి ఉత్తరాలు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి. దసరా తరువాత నా పాత కంప్యూటర్ పూర్తిగా మొరాయించడంతో, పట్టణంలోనే ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకున్నాను. కంప్యూటర్‌కు 18,000, ఆఫీస్‌కు వేరుగా 3,500 తీసుకుని, బిల్లు మీద "ఆఫీస్ 2021 ఒరిజినల్, లైఫ్‌టైమ్" అని చేత్తో రాసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే తెర మీద నీలిరంగు ఐకాన్ కింద "వర్డ్ 2021" అనే పేరు కనిపించింది. ఆ పేరును మౌస్‌తో రెండు నొక్కులు నొక్కి ఎవరైనా ఎలాగైనా మార్చవచ్చని తెలిసి కూడా నేను అనుమానించలేదు. వర్డ్ తెరుచుకునేటప్పుడు క్షణంపాటు కనిపించి మాయమయ్యే బొమ్మ మీద ఏ సంవత్సరం ఉందో కూడా చూడలేదు. అంతకుముందు ఎన్నో ఏళ్లు 2007 మీదనే పని చేసినవాడిని కాబట్టి ఎదురుగా ఉన్నది కొత్తదిగానే తోచింది.

మోసం బయటపడిన తీరు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటిది మీకూ ఎదురుకావచ్చు. సంక్రాంతి సెలవుల తరువాత దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన రిపోర్టును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, మార్జిన్లు, విషయసూచిక, పట్టికలు సరిచేసి ఇమ్మని అడిగింది. ఆ ఫైల్‌ను ఆమె గైడ్ అప్పటికే ఒకసారి చదివి, పక్కన వ్యాఖ్యలు రాశారు. ఆమె ఒక్కొక్క వ్యాఖ్య కిందనే జవాబు రాసింది, సరిపోయిన వాటిని ఆయన "పూర్తయింది" అని గుర్తుపెట్టి మూసేశారు. నా తెర మీద మాత్రం జవాబులన్నీ విడివిడి వ్యాఖ్యలుగా కనిపించాయి, మూసినవి ఏవో తెలియలేదు. నాకు అప్పగించిన పని చేసి, సేవ్ చేసి ఇచ్చేశాను. ఆమె దాన్ని తీసుకెళ్లి చూపిస్తే, ఆయన మూసేసిన వ్యాఖ్యలన్నీ మళ్లీ తెరుచుకుని ఉన్నాయి, ఏ జవాబు దేనికి ఇచ్చినదో తెలియకుండా చెల్లాచెదురయ్యాయి. "ఏ కాలం నాటి వర్డ్‌లో తెరిపించావమ్మా?" అని ఆయన ఆమెను గట్టిగానే అడిగారట. ఆమె కళ్లనీళ్లతో నా దగ్గరికి వచ్చి నిలబడితే, మా దగ్గర ఉన్నది 2021 అని నేను బిల్లు తీసి చూపించాను. అప్పటికి నేను దాన్నే నమ్ముతున్నాను.

వ్యాఖ్యకు జవాబు రాయడం, వ్యాఖ్యను పూర్తయిందని గుర్తించడం వర్డ్ 2013తో వచ్చిన సౌకర్యాలు. అంతకన్నా పాత వర్డ్‌కు ఆ సమాచారం అర్థం కాదు, సేవ్ చేసేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. ఈ విషయం నాకు ఆ సాయంత్రం మా తమ్ముడి కొడుకు చెప్పాడు. ఇంజినీరింగ్ చదువుతున్న ఆ అబ్బాయి ఆమె నాకిచ్చిన ఫైల్‌ను, నేను సేవ్ చేసి ఇచ్చిన ఫైల్‌ను పక్కపక్కన పెట్టి చేసిన పని ఇది. ముందు ఫోల్డర్‌లోని వ్యూ మెనూలో ఫైల్ పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా చేశాడు. తరువాత రెండు ఫైళ్లకూ నకళ్లు తీసి, నకళ్ల పేరు చివర ఉన్న డాక్‌ఎక్స్‌ను జిప్ అని మార్చాడు. డాక్‌ఎక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూటే, అందువల్ల మామూలు జిప్ లాగానే తెరుచుకుంది. లోపల డాక్‌ప్రాప్స్ అనే ఫోల్డర్‌లో యాప్ అనే చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ ఉంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎన్ని పేజీలు, ఎన్ని పదాలు, ఎన్ని నిమిషాలు పని జరిగింది అనే వివరాల నడుమ అప్లికేషన్ అని ఒకటి, యాప్‌వర్షన్ అని మరొకటి కనిపించాయి. ఆమె తెచ్చిన ఫైల్‌లో యాప్‌వర్షన్ 16.0000 అని ఉంది. నా చేతిమీదుగా వెళ్లిన ఫైల్‌లో 14.0000 అని ఉంది.

"పెద్దనాన్నా, నీ దగ్గర ఉన్నది 2021 కాదు, 2010" అన్నాడు.

ఆ అంకెల లెక్క తెలుసుకుంటే మీకూ పనికివస్తుంది. వర్డ్ 2003 లోపలి సంఖ్య 11, 2007ది 12, 2010ది 14, 2013ది 15. నడుమ 13ను మైక్రోసాఫ్ట్ వాడలేదు. డాక్‌ఎక్స్ పద్ధతి 2007తోనే మొదలైంది కాబట్టి పాత డాక్ ఫైళ్లను జిప్‌గా మార్చి చూడలేము. ఫైల్ మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ చూస్తే సరిపోదా అని నన్ను ఇద్దరు అడిగారు. అక్కడ వర్డ్ అనే పేరు వరకు తెలుస్తుంది, ఏ వర్డో తెలియదు. మరో ఆనవాలు కూడా ఉంది. నా కంప్యూటర్‌లో కొత్తగా ఒక ఖాళీ ఫైల్ తయారుచేసి మావాడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, పైన ఫైల్ పేరు పక్కన "కంపాటిబిలిటీ మోడ్" అని వచ్చింది, అంటే అది పాత వర్డ్ పద్ధతిలోని ఫైల్ అని కొత్త వర్డ్ చెప్పడం. అదే ఫైల్ నా కంప్యూటర్‌లో ఆ మాట లేకుండా మామూలుగా తెరుచుకుంటుంది. పాతదనం కొత్త వర్డ్‌కే కనబడుతుంది, అందువల్లనే నాలాంటి వాడికి మూడు నెలలు తెలియలేదు.

మరునాడు దుకాణానికి వెళ్లాను. "అది మీ కస్టమర్ తెచ్చిన ఫైల్ సార్, వాళ్లు పాతదాంట్ల చేసుకొచ్చి ఉంటరు" అన్నారు. ఆ మాట వస్తుందని ముందే ఊహించి, వారి ముందే నా కంప్యూటర్‌లో కొత్త ఫైల్ తెరిచి, ఒక్క వాక్యం టైపు చేసి, సేవ్ చేసి, జిప్‌గా మార్చి 14ను చూపించాను. ఇక కాదనలేక, పొరపాటున పాతది పడిందని చెప్పి, కంప్యూటర్‌ను ఆ రోజంతా ఉంచుకుని వేరేది వేసి ఇచ్చారు. ఇంటికి వచ్చి అదే పరీక్ష మళ్లీ చేస్తే యాప్‌వర్షన్ 16.0000 అని వచ్చింది. నాకు ఎంతో ఊరట కలిగింది.

నేను రెండోసారి మోసపోయింది సరిగ్గా అక్కడే. మీలో ఫైల్ పరీక్ష ఒక్కటే నేర్చుకుని దుకాణానికి వెళ్లేవారు కూడా ఇక్కడే దెబ్బ తింటారు కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి. 2016, 2019, 2021, నెలవారీ చందాతో వచ్చే 365, ఈ నాలుగూ ఫైల్‌లో వేసే ముద్ర ఒక్కటే, అదే 16.0000. అంటే 14 వచ్చిందంటే అది 2021 కాదని గట్టిగా చెప్పవచ్చు కానీ, 16 వచ్చినంత మాత్రాన అది 2021 అని చెప్పలేము. దానికి వర్డ్‌లోనే ఫైల్ మెనూకు వెళ్లి అకౌంట్ అనే పేజీ తెరవాలి. కుడివైపున ఆ ఉత్పత్తి పూర్తి పేరు ఉంటుంది. నా తెర మీద "ఆఫీస్ ప్రొఫెషనల్ ప్లస్ 2016" అని ఉంది.

ప్రొఫెషనల్ ప్లస్ అనే మాట కూడా గమనించదగ్గదే. అది కంపెనీలకు, కళాశాలలకు ఒకేసారి పెద్ద సంఖ్యలో ఇచ్చే వాల్యూమ్ లైసెన్సు రకం, దుకాణంలో ఒక్కొక్కరికి విడిగా అమ్మే సరుకు కాదు. అలాంటి లైసెన్సు సంస్థ తన కంప్యూటర్లన్నిటి కోసం నడిపే కేఎమ్‌ఎస్ అనే లైసెన్సు సర్వర్ ద్వారా యాక్టివేట్ అయితే దాని గడువు 180 రోజులే, ఆలోగా సర్వర్‌ను కలిసి తిరిగి పునరుద్ధరించుకుంటూ ఉండాలి. ఆ పద్ధతిని అనుకరించే దొంగ సాధనాలతో యాక్టివేట్ చేసి, "ప్రొడక్ట్ యాక్టివేటెడ్" అనే అక్షరాలు చూపించి జీవితకాలం అని అమ్మే వారున్నారు. కాబట్టి ఆ రెండు పదాలు చూసి తృప్తి పడకండి. మీ సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ కొనుగోలు అందులో మీ పేరు మీద కనిపించాలి. కనిపించకపోతే ఎందుకు లేదో డబ్బు ఇవ్వకముందే అడగండి.

పాతదైతే ఏం, పని జరుగుతోంది కదా అని మా వీధిలోని తోటి డీటీపీ వారే అన్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆఫీస్ 2010కి భద్రతా సవరణలు 2020 అక్టోబర్ 13తో ఆగిపోయాయి. 2016కు, 2019కి 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మన సెంటర్లకు ఎక్కడెక్కడి పెన్‌డ్రైవ్‌లు వస్తాయి. మనుషుల ఆధార్ నకళ్లు, భూమి కాగితాలు, బ్యాంకు వివరాలు మన కంప్యూటర్లలో తెరుచుకుంటాయి. లోపాలు సరిదిద్దే దిక్కులేని ప్రోగ్రాంలో వాటిని తెరవడం మన గిరాకీలకు మనం చేసే ద్రోహం. అదీగాక నేను అడిగింది, డబ్బు కట్టింది 2021కి.

ఈ పరీక్షతో ఎవరి మీదనైనా నింద వేసే ముందు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఫైల్‌లో కనిపించే సంఖ్య దాన్ని చివరగా సేవ్ చేసిన ప్రోగ్రాంది. మొదట తయారుచేసినది ఏదో అది చెప్పదు. ఆ విద్యార్థిని ఫైలే దీనికి సాక్ష్యం, నేను ఒక్కసారి సేవ్ చేయగానే 16 పోయి 14 వచ్చింది. అందువల్ల ప్లాటు అమ్మేవారు పంపిన పాత ఒప్పందం ఫైల్‌లో కొత్త సంఖ్య కనిపించిందని అది దొంగ పత్రమని తీర్మానించకండి, మధ్యలో ఎవరో తెరిచి సేవ్ చేసి ఉండవచ్చు. 2017లో పాకిస్తాన్‌లో పనామా పత్రాల విచారణ సమయంలో, 2006 నాటిదని చూపిన ఒక పత్రం 2007లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన కాలిబ్రి అనే ఫాంట్‌లో ఉందన్న సంగతి పెద్ద వివాదమైంది. అలాంటి ఆనవాళ్లు అనుమానానికి దారి చూపుతాయి, తేల్చడానికి ఇతర ఆధారాలు కావాలి. రెండవది, సంఖ్య కన్నా ముందు అప్లికేషన్ అనే వరుసలోని పేరు చదవండి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ అనే ప్రోగ్రాంలో సేవ్ చేసిన ఫైల్‌లో యాప్‌వర్షన్ 15.0000 అని ఉండవచ్చు, అది చూసి వర్డ్ 2013 అనుకుంటే పొరపాటు. పై వరుసలో లిబ్రెఆఫీస్ అని స్పష్టంగా ఉంటుంది. డబ్ల్యూపీఎస్ ఆఫీస్ కూడా తన పేరే వేసుకుంటుంది. ఉచితంగా దొరికే వాటిని వర్డ్ ఐకాన్ తగిలించి మీకు అంటగడితే ఈ వరుసలోనే దొరికిపోతుంది.

కొనేటప్పుడు దుకాణంలోనే, డబ్బు చేతిలో ఉండగానే, అకౌంట్ పేజీ తెరిపించి ఉత్పత్తి పేరును మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ పేరునే అక్షరం పొల్లుపోకుండా బిల్లు మీద రాయించుకుని దుకాణం ముద్ర, తేదీ వేయించండి. నా బిల్లు మీద "ఆఫీస్ 2021" అని రాసి ఉండడమే ఇప్పుడు నాకు మిగిలిన బలం. అది కూడా లేకపోతే నోటిమాటకు నోటిమాట అయ్యేది.

దుకాణం వారు రెండోసారి వెళ్లినప్పుడు 1,000 తిరిగి ఇస్తామన్నారు, నేను తీసుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయవచ్చు. విషయం ఫిర్యాదులో ఉన్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి అడగవద్దు. ఇలాంటి బిల్లే మీ దగ్గర కూడా ఉంటే దాన్ని పారవేయకండి. అదే కంప్యూటర్‌లో ఒక కొత్త ఫైల్ చేసి, జిప్‌గా మార్చకుండా ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ప్రస్తుతం నా కంప్యూటర్‌లో ఆ 2016ను తీసేసి లిబ్రెఆఫీస్‌తో పని నడుపుతున్నాను, వర్డ్‌లోనే కావాలన్న వారికి ముందే లేదని చెబుతున్నాను. ఆ విద్యార్థిని దగ్గర తొలి ఫైల్ చెడకుండా ఉంది. మావాడి ల్యాప్‌టాప్‌లో, వ్యాఖ్యలు ఎక్కడివక్కడే ఉండేలా, విషయసూచికతో సహా మొత్తం పనిని మొదటి నుంచి చేసి, డబ్బు తీసుకోకుండా ఆమెకు ఇచ్చాను. మొన్న శుక్రవారం గైడ్ సంతకం పెట్టారట.