చిప్ప జారే మోకాలికి బ్రేస్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

నా కుడి మోకాలి చిప్ప మొదటిసారి జారినప్పుడు నేను పరుగెత్తడం లేదు, ఎగరడం లేదు. ఎవరో పిలిస్తే పాదం కదపకుండా ఒళ్లు తిప్పానంతే. చిప్ప బయటి పక్కకు పోయింది, కాలు చాచగానే టక్కున వెనక్కి వచ్చింది. రెండోసారి కూడా జారాక ఈ బ్రేస్ కొన్నాను. మధ్యలో చిప్ప పట్టేంత రంధ్రం, దానికి బయటివైపు నెలవంకలా ఒక గట్టి మెత్త, పైనా కిందా వెల్క్రో పట్టీలు.

దీని పనేంటో నాకు అర్థమైంది ఫిజియోథెరపిస్టు నా కాలి మీద పెన్నుతో గీతలు గీసినప్పుడే. తుంటి ఎముక ముందు బొడిపె నుంచి చిప్ప మధ్యకు ఒకటి, అక్కణ్ణుంచి మోకాలి కింది ఎముక మీది గడ్డకు ఇంకొకటి. ఈ రెంటి మధ్య కోణాన్ని క్యూ యాంగిల్ అంటారు. మగవాళ్లలో సుమారు 14 డిగ్రీలు, ఆడవాళ్లలో 17 దాకా ఉంటుంది. తొడ ముందు కండరాలు బిగిసిన ప్రతిసారీ చిప్పను కొంచెం బయటికే లాగుతాయన్నమాట. దాన్ని లోపలికి లాగి ఉంచేవి తొడ లోపలి పక్క ఏటవాలుగా ఉన్న కండరం, ఎముకలను కలిపి పట్టి ఉంచే ఒక లిగమెంటు. కాలు చాచి ఉన్నప్పుడు చిప్ప, తొడ ఎముక చివరనున్న గాడికి పైన ఉంటుంది. 20, 30 డిగ్రీలు వంగాక గానీ గాడిలో కుదురుకోదు. మెట్టు దిగేటప్పుడు మొదట్లోనే ఎందుకు భయమేసేదో అప్పుడు తెలిసింది.

ఇక బ్రేస్ సంగతి. మెత్త బయటి పక్క నుంచి నొక్కుతుంటే చిప్ప ఎక్కడుందో తెలుస్తూ ఉంటుంది, ఆ ధైర్యంతోనే వ్యాయామాలు మొదలుపెట్టగలిగాను. కానీ చెమట పడితే గంటలో కిందికి జారుతుంది, అప్పుడు రంధ్రం అంచు చిప్ప పైభాగాన్నే నొక్కుతుంది. మోకాలి వెనక దద్దుర్లు వచ్చాయి. వెల్క్రో ఏడాది కాకముందే నూలుపోగులు పట్టి పట్టు తగ్గింది.

ఒకసారి టేపుతో కొలిస్తే కుడి తొడ ఎడమదానికంటే 2 సెంటీమీటర్లు తక్కువ. బ్రేస్ వల్లే చిక్కిందని తిట్టుకున్నాను. కాదట. దెబ్బ తగిలి వాచిన మోకాలు తొడ కండరాన్ని సరిగ్గా బిగవనివ్వదట.

అసలు ఆశ్చర్యం అద్దం ముందు. చిన్న పీట మీద కుడికాలితో నిలబడి, రెండో పాదాన్ని మెల్లగా కిందికి దించమన్నారు. మోకాలు వంగుతూ వంగుతూ బొటనవేలు దాటి లోపలికి పడిపోయింది! తుంటి పక్క కండరం బలంగా లేక తొడ ఎముకే లోపలికి తిరుగుతోంది, చిప్ప కింద నుంచి గాడి తప్పుకుంటోంది. ఇన్నాళ్లూ నేను చిప్పనే దోషిగా చూశాను. బ్రేస్ ఈ తిరుగుడును ఆపలేదు. అది తగ్గడానికి నాకు ఐదు నెలల వ్యాయామం పట్టింది.

గాడి లోతు తక్కువున్నవాళ్లకు, మళ్లీ మళ్లీ జారేవాళ్లకు ఆపరేషన్ అవసరం కావచ్చు. మొదటిసారి జారినా సరే, ఎముక ముక్క ఏమైనా విరిగిందేమో డాక్టరుకు చూపించుకున్నాకే బ్రేస్ గురించి ఆలోచించండి.

ఇప్పుడు బ్యాడ్మింటన్ ఆడే రోజుల్లోనే వేసుకుంటున్నాను. అరిగిపోతే మళ్లీ ఇదే రకం కొంటాను. గట్టిగా పట్టాలని చిన్న సైజు మాత్రం తీసుకోకండి. నేను తీసుకుంటే సాయంత్రానికి పిక్క వాచింది.